తెర మీది ఆకుపచ్చ గడి

"తెర మీద మనిషిని ఒక్కసారి వేలితో తాకితే చాలు, ఎటు కదిలినా కెమెరాయే వెంటపడి ఫోకస్ చూసుకుంటుంది. ఇక మన కళ్లకు పనేముంది మాస్టారూ?" అని దమయంతి అడిగింది.

పార్వతీపురంలో ముప్ఫై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్న అప్పలస్వామి మాస్టారికి వాదించే అలవాటు లేదు. పొద్దున్నే లెన్సు తుడిచాక గాని టీ ముట్టని మనిషి. తుడవడం ఆపకుండానే, "రేపు తప్పెటగుళ్ల ఆట ఉంది. వీడియో నువ్వే తియ్యి" అన్నాడు.

దమయంతి పొంగిపోయింది. పెళ్లిళ్లలో లైట్లు పట్టుకోవడమే తప్ప, పని మొత్తం తన చేతికి రావడం అదే మొదలు.

మర్నాడు ఆట మొదలయ్యే ముందు, ఆటగాడు సింహాద్రి కూతురు పైడితల్లి ఆమె దగ్గరికి వచ్చింది. "మా నాన్నకి గుండె బాగోలేదమ్మా. డాక్టరు ఇంక ఎగరొద్దన్నాడు. ఇదే ఆకరాట. జట్టంతా వద్దు, మా నాన్నొక్కడ్నే తియ్యి" అంది.

పదహారు మంది ఆటగాళ్లు. అందరిదీ ఒకటే వేషం, కాళ్లకు గజ్జెలు, గుండెల మీద తప్పెటలు. దమయంతి తెర మీద సింహాద్రి ముఖాన్ని తాకింది. ఆకుపచ్చ గడి ఆ ముఖం చుట్టూ వచ్చి కూర్చుంది. ఆట ఊపందుకున్నా గడి ముఖాన్ని వదల్లేదు. ఆమె గడినే చూస్తూ నిశ్చింతగా నిలబడింది.

తొలి పాట ముగిసి రెండోది అందుకుంటుండగా మాస్టారు పక్కకు వచ్చాడు.

"ఎవర్ని తీస్తున్నావమ్మా?"

"సింహాద్రి గారినే మాస్టారూ. ఎంత గట్టిగా పట్టుకుందో చూడండి!"

"మరి ఆ అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నదెవరు?"

దమయంతి తలెత్తి చూసింది. సింహాద్రే. ఒకే వేషంలో ఉన్నవాళ్లు ఒకరినొకరు దాటుకుంటూ తిరిగినప్పుడు గడి ఎప్పుడో పక్కవాడి మీదికి జారిపోయింది. "మీరు తియ్యండి మాస్టారూ, నా వల్ల కాదు" అంటూ కెమెరా అందించబోయింది.

మాస్టారు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. పాడవుతున్న పనిని శిష్యురాలి చేతిలోంచి లాక్కోకుండా నిలబడడం ఎంత కష్టమో, నేర్పినవాళ్లకే తెలుసు. "ముందు ఆయన్ని చూడు" అన్నాడు.

చూసింది. సింహాద్రి లేచి గజ్జె బిగించుకుని ఆటలో కలిశాడు. గిర్రున తిరగబోయే ముందు కింది పెదవి కొరుక్కుంటున్నాడు. ఎడమ భుజం కాస్త దించుతున్నాడు. ఇక పదహారు మందిలో ఎక్కడున్నా ఆయన ఆమెకు తెలిసిపోతున్నాడు. గడి ఇంకొకరి మీదికి జారిన ప్రతిసారీ, విసుక్కోకుండా మళ్లీ ఆయన్నే తాకింది. ఆఖరి పాట దాకా అంతే.

ఆట అయ్యాక పైడితల్లి అక్కడే కూర్చుని వీడియో చూసింది. తొలి పాటకి పకపకా నవ్వింది. "ఈడు మా సిన్నాన్న కొడుకు గదమ్మా! ఈడి పెళ్లిలో కూడా ఈణ్ణి ఇంతసేపు తియ్యలేదు!" రెండో పాట మొదలవగానే తెరకు దగ్గరగా జరిగింది. చివరికి, "మా నాన్న పెదవి కొరుక్కుంటాడా? ఇన్నేళ్లూ నాను సూడనేలేదు" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తిరిగొస్తూ దమయంతి తల వంచుకుంది. "మాస్టారూ, ఆ తర్వాత కూడా గడి ఏడుసార్లు జారిపోయింది."

మాస్టారు లెన్సుకు మూత పెట్టాడు.

"మరి తొలి పాటలో ఎన్నిసార్లు జారిందో లెక్క చెప్పగలవా అమ్మా?"