పెద్ద ఉడుత నేల దిగిన రోజు

అనగనగా కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో మెడ వెనక్కి వాల్చి చూస్తే గానీ కొస కనిపించనంత ఎత్తైన మద్ది చెట్టు. దాని మీద పసిడమ్మ అనే పెద్ద ఉడుత ఉండేది. మన గోడల మీద పరుగెత్తే చారల ఉడుత కాదు పిల్లలూ, పిల్లి అంత ఉంటుంది. తోకే మూరెడు.

పెద్ద ఉడుతలకు ఒక కట్టుబాటు ఉంది. అవి నేల తొక్కవు. పుట్టడం, తినడం, పడుకోవడం, అన్నీ కొమ్మల మీదే. "నేల మీద కాలు పెట్టినవాళ్లు తిరిగి రారు" అని పసిడమ్మకు వాళ్లమ్మ చెప్పింది. వాళ్లమ్మకు వాళ్లమ్మ చెప్పింది. నిజమో కాదో దిగి చూసినవాళ్లు లేరు.

ఒక గాలివాన మర్నాడు పసిడమ్మకు ఒక కొమ్మ మీద వేలెడంత ఊసరవెల్లి పిల్ల దొరికింది. చలికి వణుకుతోంది. పసిడమ్మ దాన్ని తెచ్చి పెంచుకుంది. దాని నెత్తి కిరీటంలా ఎత్తుగా ఉంది. కోపమొస్తే బుస కొడుతోంది.

"అబ్బో, మగాడివిరా నువ్వు!" అని మురిసిపోయి, వీరన్న అని పేరు పెట్టింది.

వీరన్న ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి తిప్పుతూ పెరిగాడు. మిడతలు తిన్నాడు. ఆకుల మీది నీటి చుక్కలు తాగాడు.

వానలు వెనకపట్టాక ఒకరోజు వీరన్న మిడతలు ముట్టుకోలేదు. పొట్ట మాత్రం ఉబ్బింది. మాను వెంట తలకిందులుగా దిగడం మొదలుపెట్టాడు.

"ఒరే, ఎక్కడికిరా?" అంది పసిడమ్మ.

"కిందికి అత్తా."

"కింద ఏముంది?"

"తెలీదు. మట్టి కావాలనిపిస్తోంది."

"పొట్ట ఇంత పెంచావు, ఇప్పుడు మట్టి కూడా తింటావా?" అని పసిడమ్మ వీరన్నను పైకి లాక్కొచ్చింది.

మర్నాడు వీరన్న సగం మాను దాకా దిగాడు. పసిడమ్మ మళ్లీ లాక్కొచ్చింది. ఈసారి గూట్లో పెట్టి పుల్లలు అడ్డం పెట్టింది. "అలిగితే అలుగు. ప్రాణంతో ఉంటావు" అంది.

మూడోనాటికి వీరన్న కళ్లు లోపలికి పోయాయి. కాళ్లలో పట్టు తగ్గింది.

అప్పుడే పక్క కొమ్మ మీదుగా ఇంకో ఊసరవెల్లి వచ్చాడు. అతన్ని చూడగానే వీరన్న ఒళ్లు నల్లబడింది, పసుపు చుక్కలు లేచాయి. బుస కొట్టాడు. అతను అక్కడే ఆగిపోయాడు.

"ఏమమ్మా, ఆవిడను గూట్లో బంధించావేం?"

"ఆవిడెవరు? వీడు మా వీరన్న. కిరీటం కనబడట్లా?"

"కిరీటం మాలో అందరికీ ఉంటుంది. నా తోక మొదలు చూడు. కిందివైపు ఉబ్బెత్తుగా ఉందా? మగవాళ్ల గుర్తు అదీ. ఇప్పుడు నీ వీరన్న తోక చూడు."

పసిడమ్మ వంగి చూసింది. తోక మొదలు సన్నగా, నున్నగా ఉంది.

"అయ్యో! ఇన్నాళ్లూ ఆడపిల్లను పట్టుకుని ఒరే ఒరే అన్నానా!"

"అదలా ఉంచు. ఆ పొట్టలో ఉన్నవి గుడ్లు. మా ఆడవాళ్లకు జత లేకపోయినా గుడ్లు పడతాయి. నేలలో గొయ్యి తవ్వుకుని పెట్టాలి. చోటు దొరక్కపోతే గుడ్లు లోపలే ఉండిపోతాయి. ఇక బతకదు."

"నువ్వు తీసుకెళ్లొచ్చుగా?"

"నన్ను చూస్తేనే అలా నల్లబడింది. దగ్గరికి రానిస్తుందా?"

పసిడమ్మ కిందికి చూసింది. గూట్లోంచి సన్నగా వినిపించింది. "అత్తా, మట్టి."

పసిడమ్మ పుల్లలు పీకేసింది. "నా వీపు ఎక్కు తల్లీ. గట్టిగా పట్టుకో" అంది.

కొమ్మలు అయిపోయాయి. మాను అయిపోయింది. పసిడమ్మ కళ్లు మూసుకుని ఒక కాలు కింద పెట్టింది. నేల చల్లగా ఉంది. మెత్తగా ఉంది. మింగలేదు.

వీపు మీంచి దిగి ఊసరవెల్లి ఒకచోట గీరింది. రాయి తగిలింది. ఇంకోచోట గీరింది. వేరు తగిలింది. పసిడమ్మ దాన్ని వాగు పక్కకు మోసుకెళ్లింది. అక్కడ ఇసుక కలిసిన తడి మన్ను. వణికే కాళ్లతో ఊసరవెల్లి తవ్వడం మొదలుపెట్టింది. తవ్వి, ఆగి, మళ్లీ తవ్వింది. పాము వస్తుందేమోనని పసిడమ్మ చుట్టూ కాపలా తిరిగింది. చివరికి ఊసరవెల్లి వెనక్కి తిరిగి గోతిలోకి దిగింది. కిరీటం ఒక్కటే పైకి కనిపించింది.

చాలాసేపటికి బయటికి వచ్చింది. పసిడమ్మ తొంగి చూసింది.

గోతి నిండా తెల్లటి గుడ్లు!

ఉడుత ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు. పసిడమ్మ ఎనిమిది దాకా లెక్కపెట్టింది. మళ్లీ ఎనిమిది. మూడోసారి కూడా వేళ్లు అయిపోయాయి, గుడ్లు అయిపోలేదు. ఆ చిన్న ఒంట్లో ఇన్ని ఎలా పట్టాయి?

ఊసరవెల్లి మన్ను కప్పింది. కాళ్లతో అదిమింది. ఎండుటాకులు పైకి లాగింది. పక్కనే నిలబడ్డ పసిడమ్మకు కూడా గొయ్యి ఎక్కడుందో తెలియలేదు.

"ఎవరు నేర్పారే నీకు ఇదంతా?"

"ఎవరూ నేర్పలేదు అత్తా. మట్టి తగలగానే కాళ్లకే తెలిసింది."

పసిడమ్మ గబగబా పక్కనున్న పొద ఎక్కి తడి ఆకులు ఊపింది. చుక్కలు రాలాయి. ఊసరవెల్లి నోరు తెరిచి తాగింది, తాగింది, ఇంకా తాగింది. ఒంటి మీది నలుపు మెల్లగా కరిగి, కొత్త చిగురు రంగు పైకి వచ్చింది.

"పైకి వెళ్దామా అత్తా?" అంది.

పసిడమ్మ తోకను మట్టి మీద పరుచుకుని కూర్చుంది.

"కాసేపు ఉందామే" అంది.

నీతి: పెంచుకున్న ప్రాణిని మన భయంతో కాపాడలేం. అదెవరో, దానికేం కావాలో తెలుసుకుని ఇస్తేనే అది బతుకుతుంది.