పడమటి గోడ

వకుళ గీసిన గోడ పరీక్షలన్నిటికీ నిలబడింది. అయినా ఉస్తాద్ దాని మీద సంతకం పెట్టలేదు.

ఉస్తాద్ అంటే మొహియుద్దీన్ గారు. కుర్రతనంలో కిటికీలకు అద్దాలు బిగించే పనితో మొదలుపెట్టారు. డెబ్బయ్యేళ్లు వచ్చేసరికి, పెద్ద పెద్ద భవనాలకు ఎండా వానా గాలీ తగిలే బయటి గోడలు రూపొందించడంలో ఆయన్ను మించినవాళ్లు లేరనిపించుకున్నారు. పటాన్‌చెరు దాటాక ఆయన షెడ్డు. అక్కడ పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో డిగ్రీలున్నవాళ్లూ ఉన్నారు, బడి ముఖం చూడనివాళ్లూ ఉన్నారు. ఆయన పాఠం చెప్పగా విన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

వకుళ ఇంజనీరు, వరంగల్ పిల్ల. ఉస్తాద్ దగ్గర చేరి నాలుగేళ్లయింది. ఏ గోడకు ఏ గంటలో ఎంత ఎండ తగులుతుందో కంప్యూటర్ మీద లెక్కకట్టడంలో షెడ్డు మొత్తంలో ఆమెకు సాటి లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆ ఏడు గోదావరి దగ్గరి ఒక బొగ్గుగనుల ఊళ్లో ఆసుపత్రి కడుతున్నారు. అందులో పడమటి వైపు వార్డు, గనిలో పైకప్పు కూలి వెన్ను విరిగినవాళ్ల కోసం. స్థలం ఇరుకు. వార్డును మరో దిక్కుకు తిప్పే వీలు లేదు. మే నెలలో ఆ ఊళ్లో ఎండ నలభై ఆరు, నలభై ఏడు. అప్పటికి ఆ రోగులు ఉంటున్నది రేకుల కప్పు కింద. మధ్యాహ్నమైతే కిటికీలకు తడి దుప్పట్లు కట్టేవాళ్లు. వకుళ వెళ్లి అదంతా చూసి వచ్చింది. వచ్చాక రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. ఆ తర్వాత మూడు నెలలు ఆ గోడ తప్ప మరో ధ్యాస లేదు.

రెండు పొరల అద్దం. దాని ముందు జానెడు దూరంలో అడ్డంగా అల్యూమినియం రెక్కలు, కొసలు కిందికి వంచి, ఒకదాని మీద ఒకటి. సాయంత్రం వాలిన ఎండ కూడా వాటిని దాటి లోపలికి రాదు. షెడ్డు ఆవరణలో అచ్చం అలాంటి గోడతోనే ఒక నమూనా గది కట్టారు. పెద్ద ఫ్యాను పెట్టి తుఫాను గాలంత గాలి కొట్టారు, నీళ్లు చిమ్మారు. ఒక్క చుక్క లోపలికి రాలేదు. మే ఎండలో వారం రోజులు వేడి కొలిచారు. మామూలు అద్దం గోడతో పోలిస్తే ఏసీ మీద పడే భారం మూడో వంతుకు దిగింది.

ఉస్తాద్ కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"లెక్క బాగుంది" అన్నారు. పెన్ను మాత్రం తీయలేదు.

"ఎక్కడైనా తప్పుందా ఉస్తాద్?"

"లెక్కలో లేదు బేటా."

"మరెక్కడుంది?"

ఆయన టీ తాగడానికి లేచి వెళ్లిపోయారు.

మర్నాడు వకుళ ఆగలేకపోయింది. "సోమవారానికల్లా ఈ కాగితాలు ఫ్యాక్టరీకి చేరాలి ఉస్తాద్. చేరకపోతే వచ్చే ఎండాకాలానికి గోడ లేవదు. వాళ్లు ఇంకో ఏడాది ఆ రేకుల కిందే ఉడికిపోతారు. మీరు ఆ వార్డు చూడలేదు. నేను చూశాను."

ఉస్తాద్ తలూపారు. "మూడింటికి నమూనా గదికి రా" అన్నారు.

మూడింటికి వెళ్లి చూస్తే గదిలో ఒక ఇనుప మంచం వేసి ఉంది, ఆసుపత్రుల్లో ఉండేలాంటిది. ఉస్తాద్ దాని మీద కాళ్లు అద్దం వైపు చాపి, తలగడ లేకుండా వెల్లకిలా పడుకుని ఉన్నారు.

వకుళ కంగారుపడింది. "ఒంట్లో బాగాలేదా ఉస్తాద్?"

"బాగానే ఉంది. బయట ఏముందో జర చూసి చెప్పు బేటా."

ఆమె అద్దం దగ్గర నిలబడి రెక్కల సందుల్లోంచి చూసింది. "మన ఆవరణే. వాచ్‌మన్ రాములు స్కూటరు తుడుచుకుంటున్నాడు. గేటు దగ్గర కుక్క పడుకుంది."

"ఊఁ. ఇంకా?"

"రోడ్డు మీద ఇటుకల లారీ పోతోంది."

"ఇంకా?"

"ఇంకేముంటుంది ఉస్తాద్!"

"నాకేం తెలుసు? నువ్వు చెప్తే వింటాను."

చెప్పింది. ఆయన అడుగుతూనే ఉన్నారు. లారీ పోయిందా? కుక్క లేచిందా? రాములు ఏం చేస్తున్నాడు? పావుగంట గడిచింది. అవతల ఫ్యాక్టరీ గడువు తరుముకొస్తుంటే ఇవతల కుక్క ఊసు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మీరే లేచి చూడొచ్చు కదా!" అనేసింది.

ఉస్తాద్ అలాగే పడుకుని ఉన్నారు. గదిలో ఆ మాట ఒక్కటే మిగిలింది. నోరు జారాక గానీ అది వకుళ చెవిన పడలేదు.

కొంతసేపటికి ఆయన మెల్లగా లేచి, చెప్పులు తొడుక్కుని, దుప్పటి ముడతలు అరచేత్తో సరిచేసి బయటికి వెళ్లారు. తలుపు దగ్గరగా వేశారు.

వకుళ మంచం మీద పడుకుంది. చేతులు పక్కన పెట్టుకుని, తల కదపకుండా చూసింది.

రెక్కల వీపులు కనిపించాయి. బూడిదరంగువి, వరసగా, కింది నుంచి పై దాకా. బోల్టుల తలలు కనిపించాయి. ఆకాశం అంగుళం కూడా లేదు. ఎండను ఆపడానికి ఆమె మూసిన ప్రతి సందూ పడుకున్నవాడి చూపును కూడా ఆపేసింది. వెలుతురు ఉంది కానీ అది ఏ వేళ వెలుతురో తెలియదు. ఆమె బోల్టులు లెక్కపెట్టింది. అయిపోయాక మళ్లీ మొదలుపెట్టింది. బతుకంతా భూమి కింద పనిచేసినవాళ్లు అక్కడ నెలల తరబడి, కొందరైతే ఏళ్ల తరబడి పడుకోబోతున్నారు. మూడు నెలల పాటు తాను గీసిన గోడను నిలబడ్డ మనిషి కళ్లతోనే చూస్తూ వచ్చింది.

ఆమె తలుపు తెరుచుకుని బయటికి వచ్చేసరికి పడమర అంతా ఎర్రబడి ఉంది. అంత పొద్దుపోయిందని లోపల తెలియనే లేదు.

మర్నాడు ఆ మంచాన్ని తన బల్ల పక్కకు లాగించుకుంది. అట్టముక్కలతో రెక్కలు కత్తిరించి, పడుకుని చూసి, లేచి మార్చి, మళ్లీ పడుకుని చూసింది. ఆరో రోజుకి అడ్డం రెక్కలు నిలువయ్యాయి. వేసవిలో పొద్దు పడమరకు కాస్త ఉత్తరంగా వాలుతుంది కదా, ఆ ఎండకు వీపు పెట్టి, నైరుతి వైపు తెరుచుకునేలా వాటిని తిప్పింది. అద్దం కింది అంచును మంచం ఎత్తు కంటే కిందికి దించింది.

కాగితాలు ఉస్తాద్ ముందు పెట్టి నిలబడింది.

"ఏసీ భారం మూడో వంతు కాదు, ఇప్పుడు దాదాపు సగం. చలికాలంలో పొద్దు దక్షిణానికి జరిగాక, సాయంత్రం ఒక గంట ఎండ మంచాల మీద పడుతుంది. అది ఆపలేకపోయాను ఉస్తాద్."

"ఎందుకు ఆపడం?" అన్నారాయన, సంతకం పెడుతూ.

సోమవారం దాటి మూడు రోజులైంది. వకుళ ఫ్యాక్టరీకి తానే వెళ్లింది. ఫోర్‌మన్‌కి నిలువు రెక్కల సంగతి చెప్పడానికి మాటలు చాలక, ఆఫీసు బెంచీ మీద వెల్లకిలా పడుకుని చూపించింది. ఆయన నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, గడువు దాటిందన్న మాట ఎత్తకుండా కాగితాలు తీసుకున్నాడు. మార్చి ఆఖరుకి గోడ లేచింది.

మే నెలలో ఒకనాడు మధ్యాహ్నం, వేడి కొలవడానికి థర్మామీటరు పట్టుకుని ఆమె ఆ వార్డులోకి వెళ్లింది. బయట రోడ్డు మీద పురుగన్నది లేదు. లోపల చల్లగా ఉంది. ఐదో మంచం మీద యాభై ఏళ్ల మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చీటీ మీద ఓదెలు అని పేరు.

"ఎవల్ గావాలె బిడ్డా?" అన్నాడు.

"ఎవరూ వద్దు. కిటికీ ఎలా ఉందో చూసిపోదామని."

"సూడు. గా మూలకు మబ్బు లేస్తున్నది, అగుపడ్తుందా? పొద్దుగూకేసరికి గాలిదుమారం అస్తది. పొద్దుగాల్నే జెప్పిన నర్సమ్మకు, నమ్మలే." అతని మాటల్లో గర్వం ఉంది. "ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల జేసిన బిడ్డా. మబ్బును గింత సేపు ఎన్నడు సూడలే."

మబ్బు మీంచి చూపు తిప్పకుండానే మళ్లీ అన్నాడు.

"గీ గోడ కట్టినోడు, ఎన్నడో ఓనాడు మంచాన వడ్డోడే అయ్యుంటడు."

వకుళ థర్మామీటరు సంచిలో వేసుకుని, స్టూలు దగ్గరికి జరుపుకుని, అతని తల ఎత్తుకు తల వంచి చూసింది. మబ్బు నిజంగానే ఇటువైపే వస్తోంది.