మిహిల మూటలో దేవత

లోయ నుంచి వచ్చిన మిహిల మీద మఠంలో శిష్యుడైన తిరన్‌కు మొదటి రోజు నుంచే అనుమానం.

ఆ లోకంలో ఆకాశాన రెండు జాబిల్లులు, పెద్దదీ చిన్నదీ. లోయ జనం రెండింటినీ దేవతలుగా కొలిచేవారు. కొండ మీది మఠంలో మాత్రం దేవుడు ఒక్కడే. ఆయన పేరు ఓరన్. రెండు జాబిల్లులనూ వెలిగించినవాడు, రూపం లేనివాడు. వేరే దేవుణ్ణి గడప లోపలికి తెచ్చిన వాళ్ళు కొండ దిగిపోవాలన్నది మఠం కట్టుబాటు.

యుద్ధంలో ఊరు తగలబడితే మిహిల ఒక్కతే కొండెక్కి వచ్చింది. మఠానికి పెద్ద అయిన వేదార్ గురువు ఆమెను లోపలికి రమ్మన్నాడు. ఆమె ఉన్ని వడికేది. ప్రార్థనలో అందరితో పాటు తల వంచేది.

తిరన్ చూపు ఆమెను వదిలేది కాదు. ఆ పెదవులు పలికేది ఓరన్ పేరేనా? నీళ్ళకు వెళ్ళినా ఆ చిన్న మూటను చంక నుంచి దించదేం? ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా అతనికి ఆ మూటే కనిపించేది.

ఒక ఉదయం బయట మంచు కురుస్తోంది. మిహిల జ్వరంతో పడుకుని ఉంది. తిరన్ వెళ్ళి ఆమె తలకింది మూట పట్టుకుని లాగాడు.

"వద్దు బాబూ" అంటూ ఆమె గట్టిగా పట్టుకుంది. ఆ పెనుగులాటలో లోపల ఏదో విరిగింది.

విప్పి చూస్తే జానెడు మట్టిబొమ్మ. పెద్ద జాబిలి దేవత. ఒక చెయ్యి ఊడిపోయింది.

తిరన్ దాన్ని తీసుకుని గురువు దగ్గరికి పరుగెత్తాడు. "చూడండి గురువుగారూ! నేను అనుకుంటూనే ఉన్నాను. ఆమెను ఇప్పుడే పంపించెయ్యాలి."

"ఈ మంచులోనా?"

"కట్టుబాటు కదండీ."

గురువు బొమ్మను అందుకున్నాడు. నేలకేసి కొడతాడనుకున్నాడు తిరన్. గురువు దీపం దగ్గర కరిగిన మైనం వేలితో తీసి, విరిగినచోట రాసి, ఊడిన చేతిని అతికించాడు. అది గట్టిపడేదాకా మెల్లగా ఊదుతూ కూర్చున్నాడు.

గురువు పుట్టింది కూడా లోయలోనే అని ఎవరో అనగా విన్నది తిరన్‌కు గుర్తొచ్చింది.

"మీరు కూడానా?" అన్నాడు.

"ఇది మిహిల వాళ్ళమ్మ చేసిన బొమ్మట. వచ్చిన రోజే నాకు చూపించింది."

"తెలిసీ రానిచ్చారా!"

గురువు తలెత్తాడు. "మిహిల రోజుకు ఎంతసేపు దీన్ని తలుచుకుంటుందో నాకు తెలీదు. నువ్వు ఎంతసేపు తలుచుకుంటున్నావు, నాయనా?"

తిరన్ చూపు గురువు చేతిలోని బొమ్మ మీదికే పోయింది.

"ఓరన్ ఒక్కడే కదా. మరి ఎవరు వస్తారని ఆయనకు కాపలా కాస్తున్నావు?"

దీపం చిటపటలాడింది. గురువు బొమ్మను అతని చేతిలో పెట్టాడు.

"మైనం ఆరింది. ఇచ్చిరా."

గుమ్మంలో తిరన్‌ను చూడగానే మిహిల దుప్పటి దగ్గరికి లాక్కుంది. ఇంకేం తీసుకుపోతాడో అన్నట్టు అతని చేతుల వంకే చూస్తూ ఉండిపోయింది.

ఆ చూపు ముందు తిరన్ తల దించుకున్నాడు. బొమ్మను ఆమె తల పక్కన పెట్టి, కుంపటిలోకి కట్టెలు తేవడానికి మంచులోకి నడిచాడు.