కోట గుమ్మంలో తామరపువ్వు

“విరిగిన బొమ్మను ఫోన్‌లో నిండుగా చూపిస్తే తప్పేముందండీ?” అని హైమవతి అడిగింది. తనకు శాసనాలు చదవడం నేర్పిన భుజంగశాస్త్రిగారిని అలా నిలదీయడం ఆమెకు అదే మొదలు. కాఫీలో చక్కెర వేశామని చెప్పినా ఓ చెంచా రుచి చూశాకే నమ్మే మనిషి ఆయన. చెప్పులు తొడుక్కుని, “కోటకు వెళ్దాం పద” అన్నారు.

చింతరేవు కోట గుమ్మం పక్కన ఒక రాతి స్త్రీ ఉంది. ఆమె కుడిచేయి మోచేతి దగ్గర విరిగి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు పొత్తిగుడ్డ పీలిక ఒకటి తెచ్చి ఆ మొండిచేతికి కట్టిపోవడం అక్కడి ఆచారం. యాత్రికుల కోసం హైమవతి తయారుచేసిన యాప్‌లో మాత్రం, ఫోన్ ఎత్తి పట్టగానే ఆ రాతి స్త్రీకి చేయి మొలుస్తుంది, చేతిలో తామరపువ్వు కనిపిస్తుంది, “ఈమె ఆస్థాన నర్తకి” అని ఒక తీయని గొంతు చెబుతుంది. అంత తడుముకోకుండా మాట్లాడే గొంతు ఎవరిదైనా నాకు అనుమానమే.

వాళ్లిద్దరూ వెళ్లేసరికి రాతికే చేయి ఉంది. మరమ్మతు చేసినవాళ్లు ఫోన్‌లో బొమ్మ చూసి, కొత్త రాయి చెక్కి, తామరపువ్వుతో సహా అతికించేశారు. ఆ చేతి కింద ఒక పల్లెటూరి పడుచు గుడ్డపీలిక పట్టుకుని కాపలాదారును బతిమాలుతోంది.

“నా బిడ్డ పేరున ఒక్కటి కట్టుకుంటానన్నా.”

“ఈమె అమ్మ కాదంట, నాట్యమాడే ఆమంట. ఫోన్లోనే ఉండాది. పో తల్లీ.”

ఆమె వాదించలేదు, ఏడవనూ లేదు. అదే మరీ బాధ. పీలికను కొంగున ముడేసుకుని మెట్లు దిగిపోయింది. వెనకే వచ్చిన యాత్రికుడొకడు ఫోన్‌నూ శిల్పాన్నీ మార్చి మార్చి చూసి, “అచ్చం ఇలాగే ఉంది! యాప్ ఎంత కరెక్టో చూడు” అని భార్యతో అన్నాడు.

హైమవతికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. “తామర అని నాకెవరూ చెప్పలేదండీ. ఖాళీగా ఉంటే బాగుండదని నేనే పెట్టాను. ఆ చేతిలో నిజంగా బిడ్డే ఉండేదేమో!”

“అదీ నాకు తెలియదు” అన్నారు శాస్త్రిగారు.

“ఇవాళే యాప్‌లోంచి తీసేస్తాను.”

ఆయన ఆ కొత్త చేతిని వేలితో తట్టి చూశారు.

“తీసేద్దువుగాని. ఫోన్‌దేముందమ్మా? ఇప్పుడు సాక్ష్యం రాయి చెబుతోందిగా.”