వాడని పూల వనం

పూర్వం గోదావరీ దక్షిణతీరాన శబలగిరి రాజ్యాన్ని ధృతకీర్తి అనే ధర్మాత్ముడైన రాజు పాలిస్తూ ఉండేవాడు. ఆయన అసురయుద్ధంలో దేవేంద్రుడికి తోడ్పడి, స్వర్గానికి వెళ్ళి, నందనవనం చూసి తిరిగివచ్చాడు. ఇక వచ్చినవాడికి సొంత కొండ మీది ఇప్పలూ కానుగలూ మోదుగలూ కంటికి ఆనతాయా? దూరపు కొండలు నునుపు గదా! వాటినన్నిటినీ నరికించి, శచీపతి ప్రసాదించిన దివ్యవృక్షాలను బారులు తీర్చి నాటించాడు. ఆకు రాలదు, పువ్వు వాడదు. చూసినవారంతా ఔరా అన్నారు.

అంతలో, చిరకాలం నోములు నోచిన మహారాణి సునేత్రాదేవి ఆడశిశువును ప్రసవించింది. తమ కొండ నేలలో పూసిన పూల తేనెను నాలుకకు తాకించాకే బిడ్డకు పేరు పెట్టడం ఆ వంశాచారం. పేరు లేని బిడ్డను దేవతలు సైతం దీవించలేరు. భటులు కొండంతా గాలించారు. తేనెపట్టు మాట దేవుడెరుగు, ఒక్క తేనెటీగ ఝంకారమైనా వినబడలేదు. పొరుగు దేశం నుంచి తెప్పిద్దామన్నారు మంత్రులు. ఆచారం ఒప్పుకోదే!

"ప్రభూ, దీవెన లేని బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటే నాకు భయమేస్తోంది" అని సునేత్ర కంటతడి పెట్టింది.

రాజు పరుగున వెళ్ళి తపోనిధి అయిన పర్ణాశన మహర్షి పాదాల మీద పడ్డాడు.

"వాడని పువ్వులో మకరందం ఎక్కడిదయ్యా?" అన్నాడు మహర్షి. "పువ్వు వాడేది కాయ కావడానికి. కాయ కావాలి గనుకనే తేనె పెట్టి ఈగను పిలుస్తుంది. చావు లేని చెట్టుకు సంతానమెందుకు, ఈగ ఎందుకు? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనుకున్నావు, అనుభవించు!" అని కసిరి, అంతలోనే జాలిపడి, "చెట్లు కొట్టించావు గాని వేళ్ళు పెరికించలేదు. ఆ దివ్యవృక్షాలను సాగనంపితే మోళ్ళు చిగురిస్తాయి. నడుమ తంగేడు, రేగు, బిక్కి గింజలు చల్లు. బారులు తీర్చకు, పిట్ట వేసిన చోటనే మొలవనీ. రాలిన ఆకు ఊడ్పించకు" అని ఉపదేశించాడు.

కానుక తిప్పి పంపుతున్నాడని విని వజ్రపాణి ఉరుముతూ దిగివచ్చాడు.

"ఎంత పొగరు నీకు!"

సునేత్ర బిడ్డను తెచ్చి ఆ పాదాల చెంత ఉంచి, "స్వామీ, ముందు దీన్ని దీవించి, ఆపైన మమ్మల్ని శిక్షించండి" అంది. ఇంద్రుడు చెయ్యెత్తి, "ఏమని పిలిచి దీవించనమ్మా?" అన్నాడు.

"మా నేల తేనె నాలుకకు తాకించనిదే పేరు పెట్టరాదు స్వామీ. ఆ పేరు కోసమే మీ చెట్లను వదులుకుంటున్నాం."

సహస్రాక్షుడి కోపం కరిగిపోయింది. "తల్లీ, మీ చెట్లను నేను మొలిపిస్తే వాటి తేనె మీ నేల తేనె కాదు. వేళకు వాన కురిపిస్తాను. పేరు పెట్టిన నాడు నేనే వచ్చి దీవిస్తాను" అని వరమిచ్చి, దివ్యవృక్షాలతో సహా వెళ్ళిపోయాడు.

వానలు పడ్డాయి. మోళ్ళు చిగిర్చాయి. పాప పేరు లేకుండానే పాకింది, నడిచింది. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, సునేత్ర ప్రాణాలు అరచేత పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునేది. చివరికొక వసంతాన కానుగ విరగబూసింది, కొమ్మన తేనెపట్టు వేలాడింది.

మోదుగ దొన్నెలో తేనె తెచ్చి రాజు కూతురి నాలుకకు తాకించి, "మధుమతి" అని చెవిలో పలికాడు. ఇంద్రుడు అన్నమాట ప్రకారం వచ్చి, "మధుమతీ, దీర్ఘాయుష్మతివి కమ్ము!" అని దీవించాడు.

పాప తండ్రి చెయ్యి పట్టి లాగి, "ఇంకా!" అంది.

సభ గొల్లుమని నవ్వింది. సునేత్ర మాత్రం కూతురి వైపు చేతులు చాచి, "మధుమతీ!" అని పిలిచింది. మూతి నిండా తేనెతో, బిడ్డ "ఊ" అని పలికింది.