అలివేలు పెరటి బాట

అనగనగా ఒక ఊళ్ళో, రోజుకి రెండే రెండు రైళ్ళు ఆగే ఊళ్ళో, అలివేలు అని ఒకావిడ ఉండేది. కాళ్ళు చాపుకుని పడుకో బంగారూ, దుప్పటి తన్నేయకు. ఆ అలివేలు వాళ్ళ ఇంటి వెనకాల పెద్ద పెరడు ఉండేది.

ఆ పెరట్లో ఆవిడ పన్నెండేళ్ళు మొక్కలు పెంచింది. పందిరి మీదికి విరజాజి పాకించింది. గోడ వారగా సంపెంగ వేసింది. చామంతులకీ కనకాంబరాలకీ మరువానికీ మడులు కట్టింది. పొద్దున్నే తన కాఫీ చల్లారిపోయినా పట్టించుకునేది కాదు గానీ, మొక్కలకి నీళ్ళు మాత్రం ఒక్కపూట ఆలస్యం కానిచ్చేది కాదు.

ఏం లాభం? ఆ తోట ఎవరికీ కనిపించేదే కాదు. వంటింటి గుమ్మం దాటితే అంతా బురద, కాలు పెట్టడానికి దారి లేదు. ఇంటికొచ్చినవాళ్ళు వీధి వసారాలో కూర్చునేవాళ్ళు, కాఫీ తాగేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు.

అలివేలుకి మామగారు ఉండేవారు. పేరు శేషాచలం గారు. స్టేషను మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మంచివారే, కోడల్ని పల్లెత్తు మాట అనేవారు కాదు. మోకాళ్ళ నొప్పులు కదా, వసారాలో పడక కుర్చీ, లోపల మంచం, అంతే ఆయన లోకం. పెరట్లో కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు.

ఒకరోజు అన్నం తింటూ ఆయన ఒక సంగతి చెప్పారు. ఎరువుల కొట్టు కామయ్య గోడౌను కట్టుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాడట. మన పెరడు ఖాళీగానే పడి ఉంది కదా, అతనికి ఇద్దామనుకుంటున్నాను, ఉగాది వెళ్ళాక వచ్చి కొలుచుకుంటాడు అన్నారు.

ఖాళీగానా, అనుకుంది అలివేలు. మజ్జిగ పోసింది. పోసింది విస్తట్లో కాదు, విస్తరి పక్కన నేల మీద.

మొక్కలున్నాయని నోటితో చెబితే, నాలుగు మొక్కలే కదా అంటారాయన. కళ్ళతో చూస్తే తప్ప లాభం లేదు. చూడాలంటే నడవాలి. నడవాలంటే బాట కావాలి. అలా ఆవిడ తలలో బాట ఆలోచన పుట్టింది.

అప్పుడు వెళ్ళి మొగుడితో చెప్పింది. ఆయన పేరు రంగనాథం, సర్వేయరు. పొలాలు కొలిచే గొలుసు పట్టుకొచ్చాడు, మేకులు పాతాడు, తాడు లాగాడు. కొంచెం వంపు పెట్టండి, విరజాజి పందిరి కింద నుంచి తిప్పండి అని ఆవిడ మూడుసార్లు చెప్పింది. ఆయన మూడుసార్లూ తలాడించాడు. సాయంత్రానికి వంటింటి గుమ్మం నుంచి వెనక గోడ దాకా, తాడు లాగినట్టు, తిన్నగా సిమెంటు బాట తయారైంది.

మర్నాడు మామగారు కర్ర పట్టుకుని దాని మీద నడిచారు. టక్ టక్ టక్, వెనక గోడ వచ్చింది. టక్ టక్ టక్, వంటిల్లు వచ్చింది. అటు చూడలేదు, ఇటు చూడలేదు.

బాగుందమ్మా, ప్లాట్‌ఫారంలా ఉంది అన్నారు. కామయ్య లారీ వెనక్కి రావడానికి కూడా వీలుగా ఉంటుందని మెచ్చుకున్నారు.

అలివేలు వంటింట్లోకి పోయి, ఏ పాపమూ ఎరగని పప్పుని గుత్తితో అరగంట మెదిపింది.

ఆ తర్వాత పైడయ్య మేస్త్రిని పిలిచింది. బాట మీద నడిచే మనిషి ముచ్చటపడి నిదానించాలి, అలాంటి బాట వెయ్యి అంది. పైడయ్య దగ్గర కల్యాణ మండపానికి వేయగా మిగిలిన నున్నటి పలకలున్నాయి. నిదానమే కదమ్మా, మీరు చూడండి అన్నాడు. పాత సిమెంటు పగలగొట్టి, పలకలు పరిచి, తుడిచి పెట్టాడు. అద్దంలా ఉంది బాట.

మామగారు మళ్ళీ నడిచారు. నిజంగానే నిదానించారు. ఎందుకు నిదానించరు, జారిపడతానేమోనని భయం. వంచిన తల ఎత్తకుండా, పాదం వెనక పాదం వేసుకుంటూ వెళ్ళారు. ఆయన నెత్తి మీదుగా సంపెంగ కొమ్మ పూలతో ఊగుతోంది. ఆయనకి పలకల్లో తన మొహం కనిపించింది.

గడ్డం బాగా పెరిగిపోయిందే, మంగలికి కబురు పెట్టాలి అన్నారు. ఆ మాట అంటూండగానే కాలు జారింది. అలివేలు పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది.

పైడయ్య మాత్రం, పలకలు ఎంత బాగున్నాయో చూశారా అని వీధి వీధంతా చెప్పుకున్నాడు. చూడ్డానికి జనం కూడా వచ్చారు. వచ్చినవాళ్ళందరూ పలకలే చూశారు. ఈ పలకలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు.

అప్పుడు అలివేలుకి ఒళ్ళు మండింది. వీళ్ళ చేతుల్లో పెడితే ఇంతే, నేనే వేస్తాను అని కొంగు దోపుకుంది. ఆవిడ మెలికల ముగ్గులో ఆ వీధికే పెద్ద చెయ్యి. పలకలు తీయించేసి, ముగ్గు పిండి తెచ్చి, పెరడంతా తిరిగేలా ఒక మెలిక గీసింది. విరజాజి చుట్టూ ఒక చుట్టు, సంపెంగ చుట్టూ ఒక చుట్టు, చామంతి మడి చుట్టూ ఒక చుట్టు. ఏ మొక్కా తప్పించుకోకూడదు. నాలుగు రోజులు నడుం విరిగేలా ఇటుక ముక్కలు పరిచింది. అప్పటికి ఉగాది దగ్గర పడింది.

మామగారు మూడోసారి బయల్దేరారు. మొదటి చుట్టు తిరిగారు. రెండో చుట్టు తిరిగారు. మూడో చుట్టులో ఆగి, ఇటు చూశారు, అటు చూశారు. ఎటు పోయినా ఇక్కడికే వస్తున్నానమ్మా, ఇల్లు ఎటుందో చెప్పు అని కేకేశారు. కోడలు జవాబు చెప్పేలోపలే, కర్ర పొడుచుకుంటూ, చామంతి మడిలోంచి అడ్డంగా నడిచి వచ్చేశారు.

విచ్చిన చామంతులు, విచ్చబోయే చామంతులు, అన్నీ పడిపోయాయి.

అలివేలు ఆ మడి వంక చూసింది. ఆ తర్వాత ఆయన వంక చూసింది. పన్నెండేళ్ళ మాట ఇంక లోపల ఆగలేదు.

"మావయ్య గారూ, మీరు రోజూ పూజ చేసుకునే పూలు ఎక్కణ్ణించి వస్తున్నాయనుకున్నారు?"

ఆయన కాసేపు ఆలోచించారు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"బజారు నుంచి అనుకున్నానమ్మా."

ఇంక ఈ పెరట్లో గోడౌను కట్టుకుంటారో, గోతులే తవ్వుకుంటారో వాళ్ళిష్టం అనుకుని అలివేలు చేతులు దులుపుకుంది.

ఆయన మొహం చిన్నబోయింది. పైగా మూడు చుట్లు తిరిగిన మోకాళ్ళు వణుకుతున్నాయి. కాస్త కూర్చోడానికి ఏమైనా ఉందా అని మెల్లగా అడిగారు.

కోపం కోపమే, మర్యాద మర్యాదే కదా. కలుపు తీసేటప్పుడు తను కూర్చునే పీట తెచ్చి, ఠక్కున పందిరి కింద పెట్టింది. ఆయన కూర్చున్నారు.

ఇదిగో, ఇక్కడ జాగ్రత్తగా విను బంగారూ. కూర్చోగానే ఆయన కళ్ళు పూల ఎత్తుకి వచ్చాయి. నడుస్తున్నంతసేపూ ఆయనకి కర్రా, కాళ్ళూ, మోకాళ్ళూ, అదే గొడవ. ఇప్పుడు ఆ గొడవ లేదు. ఎదురుగా మరువం మడి. చెయ్యి చాచి ఒక రెబ్బ నలిపి వాసన చూశారు. ఇదేమిటమ్మా అని అడిగారు. మరువం అంది. ఆ పాకింది ఏమిటి అన్నారు. విరజాజి అంది. ఈ వాసన ఎక్కడిది అన్నారు. సంపెంగండీ, మీ వెనకాలే ఉంది, మొన్న మీరు దాని కిందనుంచే వెళ్ళారు అంది. ఆయన పొద్దు వాలేదాకా అక్కణ్ణించి లేవలేదు.

అలివేలు గుమ్మంలో నిలబడి చూసింది. మూడు బాటలూ మనిషిని నడిపించడానికే వేశాం గానీ, ఆపడానికి ఎవరమూ వేయలేదు అనుకుంది. మొగుడి మీద, మేస్త్రి మీద వచ్చినంత కోపం తన మీద తనకే వచ్చింది.

మర్నాడు మామగారి చెయ్యి పట్టుకుని, పెరట్లో ఆయన నడిచినట్టే తనూ నడిచింది. ఎక్కడ ఆయనకి ఆయాసం వస్తే అక్కడ ఒక మేకు పాతింది. మూడుచోట్ల ఆగారాయన. ఆ తర్వాత పైడయ్యని పిలిచి, ఆ మూడుచోట్లా రాతి అరుగులు కట్టించింది. విరజాజి పందిరి కింద ఒకటి, సంపెంగ నీడలో ఒకటి, కనకాంబరాల ఎదురుగా ఒకటి. పైడయ్య మళ్ళీ నున్నటి పలకల మాట ఎత్తబోతే, ఆవిడ ఊరికే అతని వంక చూసింది. అతను వెళ్ళి గరుకు రాళ్ళు ఏరి తెచ్చాడు.

అరుగు నుంచి అరుగుకి చిన్న వంపుతో, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పుగా బాట వేశారు. ఈసారి రంగనాథం గొలుసు తీయలేదు. రాళ్ళు మోశాడు.

ఉగాది వెళ్ళింది. అన్న మాట ప్రకారం కామయ్య టేపు పట్టుకుని వచ్చాడు. మామగారు అప్పటికే రెండో అరుగు మీద ఉన్నారు. కామయ్యని కూడా కూర్చోమన్నారు. ఎండలో వచ్చినవాడు నీడలో కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, సంపెంగ వాసనకి తల ఎత్తాడు.

అప్పుడు ఆయన చెప్పారు. "కామయ్యా, ఏమీ అనుకోకు. ఈ చోటు ఇవ్వలేను. ఇక్కడ నేనుంటున్నాను."

కామయ్య టేపు చుట్టేసుకుని, దేవుడికి నాలుగు సంపెంగలు ఇప్పించుకుని వెళ్ళాడు. గోడౌను ఇంకెక్కడో కట్టుకున్నాడు.

అలివేలుకి అంతా బాగైపోయిందనుకుంటున్నావా? ఎక్కడ! ఆ రోజు నుంచి మామగారు వసారా కుర్చీ వదిలేసి, పెరట్లోనే కాపురం పెట్టారు. వచ్చినవాళ్ళందర్నీ చెయ్యి పట్టుకుని తిప్పేవారు. కనకాంబరాన్ని గోరింట అనేవారు, మరువాన్ని దవనం అనేవారు. ఇక్కడ ఆగండి, ఇప్పుడు ఎడంపక్కకి చూడండి అంటూ రైలు పంపించినట్టు పంపించేవారు. ఈ బాట ఎలా వేశామంటే అని మొదలుపెట్టి, అంతా తనే దగ్గరుండి వేయించినట్టు చెప్పేవారు. వంటింటి కిటికీలోంచి అది విని, అలివేలు పళ్ళు నూరుకునేది.

ఒకనాటి సాయంత్రం ఆయన కోడల్ని పిలిచారు. ఇంకో అరుగు కావాలమ్మా అన్నారు. ఎక్కడ అని అడిగింది. ఇక్కడ అని కర్రతో చూపించారు. సరిగ్గా చామంతి మడి మధ్యలో. ఆయన తొక్కేశాక, నారు తెచ్చి మళ్ళీ నాటిన మడి అది.

అలివేలు చేతిలో ఉన్న కలుపు తీసే బొరిగ కింద పడేసింది. మీకు మూడు అరుగులు చాలలేదా అని అడిగింది.

"నాక్కాదమ్మా. నువ్వెప్పుడూ నిలబడే ఉంటావు. ఇక్కణ్ణించి చూస్తే తోటంతా కనిపిస్తుంది."

ఆవిడ మడి వంక చూసింది, ఆయన వంక చూసింది. ఆ తర్వాత వెళ్ళి ఆయన పక్కన, అరుగు మీద కూర్చుంది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ పెరట్లో పని లేకుండా కూర్చుంది.

కాసేపయ్యాక, అదేదో చామంతి మడిలోనే వేయాలా మావయ్య గారూ, రెండడుగులు పక్కకి జరిపితే కాదా అంది. ఆయన కాదన్నారు. ఈవిడ కుదరదంది. వాళ్ళిద్దరూ ఆ రెండడుగుల గురించి దీపాలు పెట్టేవేళ దాకా వాదించుకుంటూనే ఉన్నారు.

కథ నడిచి నడిచి కంచికి చేరె,
మాట అలిసి అలిసి నోటికి చేరె,
నిద్దర మెల్లగ కంటికి చేరె,
నీ అడుగూ నా అడుగూ మనింటికి చేరె.