నక్క మంత్రి 'సరే' నొక్కితేనే కబురు

నల్లకొండ అడవిలో సింహం కాలు జారి బురదలో పడింది. పడితే పడింది, కొండముచ్చు ఊరుకుంటుందా? సెల్లులో వీడియో తీసి అడవంతా పంపేసింది. తెల్లారేసరికి చీమల పుట్టలో కూడా ఆ వీడియోనే!

సింహం తన మంత్రి నక్కను పిలిచి గుర్రుమంది. "మూడు పూటలా నా ఎంగిలి తిని బలిశావు కదా! ఈ పరువు తక్కువ పని ఆపు. లేదంటే రేపు నా భోజనం నువ్వే."

నక్కకు ముచ్చెమటలు పోశాయి. అయినా దాని బుర్ర పాదరసం.

"ప్రభూ, ఇకనుంచి ఎవరేం పంపినా ముందు నా ఫోనుకే రావాలి. నేను 'సరే' నొక్కితేనే బయటికి పోతుంది. నోటితో చెబితే పుకారు కింద లెక్క, తోలు ఒలిపిద్దాం" అంది. సింహం మీసం దువ్వింది.

ఇక చూడాలి నక్కగారి దర్జా! పిచ్చుక పెళ్లిపిలుపు పంపాలన్నా ఆయనగారి దయే. ప్రభువును పొగిడితే 'సరే', లేకపోతే చెత్తబుట్టే.

ఓ పొద్దున కుందేలు మెసేజి పెట్టింది: "వాగు దారిలో వేటగాళ్లు గొయ్యి తవ్వి ఆకులు కప్పారు. అటు వెళ్తే ప్రభువు పడిపోతారు. అందరికీ చెప్పండి."

నక్క కంటికి 'ప్రభువు పడిపోతారు' అన్నదొక్కటే ఆనింది. "మళ్లీ పడటమా! ఎంత పొగరు వీడికి!" అని మిగతాది చదవకుండానే తీసిపారేసింది.

కుందేలు పరుగున వచ్చింది. "మంత్రిగారూ, ఎగతాళి కాదండీ, నిజంగానే..."

"నోర్ముయ్! ఇంకొక్క మాటంటే పుకారు కేసు పెడతా."

కుందేలు వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నక్క తన మీద వచ్చిన పొగడ్తలు చదువుకుంటూ, తలెత్తకుండా వాగుకు బయల్దేరింది. కాలికింద ఆకులు కదిలాయి. దబ్బున గోతిలో పడింది.

"చచ్చాన్రా దేవుడా! ఎవరైనా రండర్రా!"

కొండముచ్చూ కుందేలూ వచ్చి పైనుంచి తొంగి చూశాయి.

"నాయనా, కొండ అవతలి ఏనుగులకు కబురు పెట్టరా! తొండంతో లాగేస్తాయి. వేటగాళ్లొచ్చే వేళయింది!"

"రాసేశానండి, 'మంత్రిగారు గోతిలో పడ్డారు' అని. తమరు 'సరే' నొక్కడమే ఆలస్యం" అంది కొండముచ్చు.

నక్క ఫోను తీసి చూసింది. గోతిలో సిగ్నల్ లేదు.

"నోటితో చెబుతున్నాగా! సరే, సరే, సరే!"

"అమ్మో, నోటిమాటంటే పుకారండీ. మా తోలు ఒలుస్తారు" అంది కుందేలు.

నక్క గొంతు చించుకుని "ప్రభూ!" అని అరిచింది. గుహలో సింహం చెవులు రిక్కించింది. ఫోను తీసి చూసుకుంది. మంత్రి అనుమతించిన వార్త ఒక్కటీ లేదు.

"ఏదో పుకారై ఉంటుంది" అని ఆవులించి, అటు తిరిగి పడుకుంది. వాగు అవతల వేటకుక్కలు మొరుగుతున్నాయి.

నీతి: అందరి నోళ్లూ నొక్కేసినవాడికి, ఆపద వచ్చిన రోజున తన కోసం అరిచే నోరు ఒక్కటీ మిగలదు.